టూరింగ్ బైక్‌కి ఏ ఫెయిరింగ్ బెటర్? నా చెవులు నేర్పిన పాఠం

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి రాజమండ్రి వరకు బైక్ మీద వెళ్లాను. ఇంటికి చేరి షూస్ విప్పుతుంటే అమ్మ వంటింట్లోంచి పిలిచిందట. ఒకసారి కాదు, మూడుసార్లు. నాకు వినిపించలేదు. చెవుల్లో సన్నగా, కీచుమని ఒకటే మోత. మర్నాడు భోగి మంట దగ్గర నిలబడినప్పుడు కూడా ఆ మోత తగ్గలేదు.

విచిత్రం ఏంటంటే, దసరాకి కూడా నేను అదే బైక్ మీద, అదే హెల్మెట్‌తో, అదే రూట్‌లో వెళ్లాను. అప్పుడు మెడ, భుజాలు పట్టేశాయి కానీ చెవులకి ఏమీ కాలేదు. రెండు ట్రిప్పుల మధ్య మారింది ఒక్కటే. "నేకెడ్ బైక్ మీద అంత దూరం కష్టం మామా, పెద్ద వైజర్ పెట్టించెయ్" అని ఫ్రెండ్ చెప్తే, హ్యాండిల్‌బార్‌కి క్లాంప్ చేసే ఒక పొడవాటి విండ్‌స్క్రీన్ బిగించాను. అంటే గాలి నుంచి కాపాడుకోవడానికి డబ్బులు పెట్టి మరీ చెవుల మీదికి తెచ్చుకున్నానన్నమాట.

ఇది ఫోన్లు, గ్యాడ్జెట్ల సైట్ కదా, బైక్ గోల ఎందుకు అనుకోకండి. మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే ఫొటో బాగా వస్తుందనుకోవడం ఎంత తప్పో మనందరికీ తెలుసు. ఫెయిరింగ్ పెద్దదైతే లాంగ్ రైడ్ హాయిగా సాగుతుందనుకోవడం కూడా సరిగ్గా అలాంటి తప్పే. అసలు ఫెయిరింగ్ ఏం చేస్తుంది, ఎన్ని రకాలు, మన రోడ్లకి, మన ఎత్తుకి ఏది సరిపోతుందో ఎలా తేల్చుకోవాలో ఈ ఆర్టికల్‌లో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు గాలి లెక్క

బీటెక్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ నా బ్రాంచ్ కాదు. కానీ దీనికి ఇంటర్ ఫిజిక్స్ చాలు. గాలి మనల్ని వెనక్కి నెట్టే బలం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. ఆ బలాన్ని గెలవడానికి ఇంజిన్ పెట్టాల్సిన పవర్ వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నేకెడ్ బైక్ మీద నిటారుగా కూర్చున్న రైడర్‌కి డ్రాగ్ ఏరియా 0.6 చదరపు మీటర్లు, గాలి సాంద్రత 1.2 అనుకుందాం. గంటకి 80 కి.మీ. వేగంలో గాలి నెట్టే బలం సుమారు 178 న్యూటన్లు, అంటే 18 కిలోల బరువుతో సమానం. 100 దగ్గర అది 28 కిలోలు అవుతుంది. 120 దగ్గర 40 కిలోలు దాటుతుంది.

పవర్ చూడండి. 80 దగ్గర గాలి కోసమే సుమారు 5.4 పీఎస్ పోతుంది. 100 దగ్గర 10.5 పీఎస్. 120 దగ్గర 18 పీఎస్. మన 250 సీసీ బైక్‌ల మొత్తం పవరే 25 పీఎస్ చుట్టుపక్కల ఉంటుంది. అందుకే 110 దాటాక బైక్ ఊపిరి బిగబట్టి పరిగెత్తుతున్నట్టు అనిపిస్తుంది.

ఫెయిరింగ్ ఈ డ్రాగ్ ఏరియాని తగ్గిస్తుంది. పై లెక్కలో 0.6 బదులు 0.45 పెడితే 100 దగ్గర 10.5 పీఎస్ కాస్తా 7.9కి దిగుతుంది. మైలేజీకి, టాప్ స్పీడ్‌కి మంచిదే. కానీ టూరింగ్‌లో అసలు విషయం ఇది కాదు. ఆ 28 కిలోల్లో పెద్ద వాటా మన ఛాతీ మీద, భుజాల మీద, తల మీద పడుతుంది. 8 గంటల పాటు ఆ బరువుని మోసేది మన మెడ. కాబట్టి ఫెయిరింగ్ గాలిని ఎంత ఆపుతోంది అన్నదాని కంటే, పక్కకి తిప్పిన గాలిని తీసుకెళ్లి ఎక్కడ వదులుతోంది అన్నది ముఖ్యం. ఈ ఒక్క ప్రశ్న గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా ఈజీ.

ఎంత కప్పుతుంది? మొదటి వర్గీకరణ

నేకెడ్: హెడ్‌లైట్ మీద చిన్న ఫ్లైస్క్రీన్ ఉంటే ఉంటుంది, లేకపోతే అదీ లేదు. గాలి సూటిగా వచ్చి తగులుతుంది.

సెమీ లేదా హాఫ్ ఫెయిరింగ్: హెడ్‌లైట్ చుట్టూ, ట్యాంక్ పక్కల వరకు ప్యానెల్స్ ఉంటాయి, ఇంజిన్ బయటికి కనిపిస్తుంది. 2003లో వచ్చిన కరిజ్మా, తర్వాత పల్సర్ 220 ఈ టైపే. మన దగ్గర చాలామంది మొదటి లాంగ్ రైడ్ వీటి మీదే చేశారు.

ఫుల్ ఫెయిరింగ్: ఇంజిన్ కూడా కవర్ అవుతుంది. ఇందులో రెండు జాతులు ఉన్నాయి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒకటి స్పోర్ట్ బైక్ ఫెయిరింగ్. రైడర్ ట్యాంక్ మీదికి వంగితే పనిచేసేలా తక్కువ ఎత్తులో డిజైన్ చేస్తారు. రెండోది టూరింగ్ ఫెయిరింగ్. రైడర్ నిటారుగా కూర్చుంటాడని తెలిసి వెడల్పుగా, ఎత్తుగా చేస్తారు. ఫొటోలో రెండూ ఫుల్ ఫెయిరింగే. 400 కి.మీ. తర్వాత మాత్రం రెండూ వేరు వేరు ప్రపంచాలు.

అడ్వెంచర్ స్టైల్: ప్యానెల్స్ తక్కువ, ముందు ఎత్తైన విండ్‌స్క్రీన్, వెడల్పాటి హ్యాండిల్. కాళ్లకి గాలి తగులుతుంది, ఛాతీకి తగలదు.

ఒకే ఇంజిన్‌తో రెండు స్టైల్స్ వచ్చిన బైక్‌లని పోలిస్తే తేడా బాగా అర్థమవుతుంది. సుజుకి జిక్సర్ 250, జిక్సర్ ఎస్ఎఫ్ 250 తీసుకోండి. ఇంజిన్ ఒకటే 249 సీసీ ఆయిల్ కూల్డ్. ఎస్ఎఫ్‌కి ఫుల్ ఫెయిరింగ్, క్లిప్-ఆన్ హ్యాండిల్స్ ఉంటాయి, నేకెడ్ దానికి మామూలు హ్యాండిల్‌బార్. బరువు తేడా 5 కిలోలు. అలాగే 2021 అక్టోబర్‌లో బజాజ్ పల్సర్ ఎన్250, ఎఫ్250 కలిసే వచ్చాయి. ఇంజిన్ ఒకటే, ఒకటి నేకెడ్, ఒకటి సెమీ ఫెయిర్డ్. ఫెయిరింగ్‌తో పాటు హ్యాండిల్ కూడా మారిందా లేదా అని ఇలాంటి జతల్లో కచ్చితంగా చెక్ చేయండి. మణికట్టు నొప్పిని ఏ ఫెయిరింగూ తగ్గించలేదు.

దేనికి బిగించారు? అసలైన వర్గీకరణ

యూట్యూబ్ రివ్యూల్లో దీని గురించి పెద్దగా చెప్పరు. ఫెయిరింగ్‌ని రెండు చోట్ల బిగించవచ్చు. హ్యాండిల్, ఫోర్క్ వైపు బిగిస్తే ఫోర్క్ మౌంటెడ్. బైక్ ఛాసిస్‌కి బిగిస్తే ఫ్రేమ్ మౌంటెడ్.

ప్రపంచంలో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ హార్లీ డేవిడ్సన్. వాళ్ల బ్యాట్‌వింగ్ ఫెయిరింగ్, గబ్బిలం రెక్కల ఆకారంలో ఉండేది, 1969 నుంచి ఉంది. అది ఫోర్క్ మౌంటెడ్. స్ట్రీట్ గ్లైడ్‌లో ఇప్పటికీ అదే స్టైల్. 1980 మోడల్‌గా వచ్చిన టూర్ గ్లైడ్‌లో ఫెయిరింగ్‌ని ఫ్రేమ్‌కి బిగించారు. దాని వారసుడు 1998లో వచ్చిన రోడ్ గ్లైడ్. ముందు భాగం సొరచేప ముక్కులా ఉంటుంది కాబట్టి దాన్ని షార్క్‌నోస్ అంటారు. 2024 మోడల్స్‌లో స్ట్రీట్ గ్లైడ్‌కి, రోడ్ గ్లైడ్‌కి ఇంజిన్ ఒకటే, మిల్వాకీ-ఎయిట్ 117. కొనేవాళ్లు తేల్చుకోవాల్సింది ముఖ్యంగా ఫెయిరింగే.

షోరూమ్‌కి వెళ్లి రెండిటి హ్యాండిల్స్ తిప్పి చూస్తే విషయం ఐదు సెకన్లలో అర్థమవుతుంది. స్ట్రీట్ గ్లైడ్‌లో హ్యాండిల్‌తో పాటు ఫెయిరింగ్, స్క్రీన్, స్పీకర్లు అన్నీ తిరుగుతాయి. రోడ్ గ్లైడ్‌లో హ్యాండిల్ ఒక్కటే తిరుగుతుంది, ముందున్నదంతా కదలకుండా ఉంటుంది.

దీనివల్ల ఏం తేడా? ఫోర్క్ మౌంటెడ్‌లో డిస్‌ప్లే, స్విచ్‌లు చేతికి దగ్గరగా ఉంటాయి, తక్కువ స్పీడ్ మలుపుల్లో కూడా స్క్రీన్ మీ ఎదురుగానే ఉంటుంది. కానీ పక్క గాలి ఫెయిరింగ్‌ని కొడితే ఆ దెబ్బ నేరుగా స్టీరింగ్ మీద పడుతుంది. ఫ్రేమ్ మౌంటెడ్‌లో ఆ దెబ్బని మొత్తం బైక్ బరువు మోస్తుంది. హ్యాండిల్ తేలికగా ఉంటుంది, హైవే స్పీడ్‌లో స్థిరంగా అనిపిస్తుంది. కాకపోతే ఫెయిరింగ్ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి పార్కింగ్‌లో యూటర్న్ తీసుకునేటప్పుడు హ్యాండిల్ ఒకవైపు, బైక్ ముఖం ఇంకోవైపు ఉన్నట్టు కొత్తలో తికమకగా ఉంటుంది.

20 లక్షలు దాటే బైక్‌ల గురించి మనకెందుకు అంటారా? ఇదే తేడా మన బడ్జెట్‌లోనూ ఉంది. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411లో హెడ్‌లైట్, విండ్‌స్క్రీన్ ఫ్రేమ్‌కి ఉంటాయి, హ్యాండిల్ తిప్పినా కదలవు. అదే ఇంజిన్‌తో 2022లో వచ్చిన స్క్రామ్ 411లో హెడ్‌లైట్ హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. ఇక మనం ఆన్‌లైన్‌లో కొని హ్యాండిల్‌బార్‌కి బిగించే ప్రతి విండ్‌స్క్రీనూ ఫోర్క్ మౌంటెడ్ ఫెయిరింగే. నాది కూడా అదే.

ఆ సంగతి నాకు సిద్ధాంతం వంతెన మీద తెలిసింది. తణుకు దాటాక వశిష్ఠ గోదావరి మీద ఆ వంతెన ఎక్కగానే నది మీది నుంచి పక్క గాలి. దసరాకి అదే చోట బైక్ మొత్తం కొంచెం పక్కకి జరిగింది, అంతే. సంక్రాంతికి హ్యాండిల్ చేతిలో దానంతట అదే మెలితిరిగింది. పక్కన లారీ ఉంది. ఆ రెండు సెకన్లు ఇప్పటికీ గుర్తున్నాయి. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన 50లో దాటాను.

పక్క గాలి విషయం కొత్తదేమీ కాదు. 1950లలో రేస్ బైక్‌లకి ముందు చక్రం కూడా పూర్తిగా కప్పేసే డస్ట్‌బిన్ ఫెయిరింగ్‌లు వాడేవారు. స్పీడ్ బాగా పెరిగేది, కానీ పక్క గాలి వస్తే బైక్ అదుపు తప్పేది. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్ఐఎమ్ 1957 సీజన్ అయ్యాక వాటిని నిషేధించింది. ఆ తర్వాతే ముందు చక్రం బయటికి కనిపించే ఫెయిరింగ్‌లు మామూలయ్యాయి. రోడ్డు బైక్‌ల విషయానికొస్తే, అమెరికాలో క్రెయిగ్ వెటర్ 1970లలో విండ్‌జామర్ అనే ఫ్రేమ్ మౌంటెడ్ ఫెయిరింగ్‌ని విడిగా అమ్మి పాపులర్ చేశాడు. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ విండ్ టన్నెల్‌లో తీర్చిదిద్దిన ఫుల్ ఫెయిరింగ్‌తో వచ్చింది. హోండా గోల్డ్‌వింగ్ 1975లో పుట్టినప్పుడు నేకెడే. కంపెనీ ఫెయిరింగ్‌తో ఇంటర్‌స్టేట్ మోడల్ వచ్చింది 1980లో.

సగం రక్షణ ఎందుకు ప్రమాదం

ఇప్పుడు నా చెవుల దగ్గరికి వద్దాం. విండ్‌స్క్రీన్ గాలిని మాయం చేయదు, పైకి తోస్తుంది. స్క్రీన్ పై అంచు దాటాక గాలి ఒక పొరలా వెనక్కి వస్తుంది. ఆ పొర పైన శుభ్రమైన గాలి ఉంటుంది. పొర కింద, స్క్రీన్ వెనక దాదాపు నిశ్శబ్దం. కానీ ఆ రెండిటి సరిహద్దులో గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. దీన్నే రైడర్లు బఫెటింగ్ అంటారు.

మీ హెల్మెట్ ఆ సరిహద్దులో పడిందా, అయిపోయారు. హెల్మెట్ దడదడలాడుతుంది, చూపు అదురుతుంది, మోత విపరీతంగా పెరుగుతుంది. నేకెడ్ బైక్ మీద తలకి తగిలేది శుభ్రమైన గాలి. బలంగా తోస్తుంది కానీ ఒకే తీరుగా ఉంటుంది. స్క్రీన్ సరైన ఎత్తులో లేకపోతే తగిలేది సుడిగాలి. అందుకే దసరాకి మెడ నొప్పి, సంక్రాంతికి చెవి మోత.

నా ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. ఆ స్క్రీన్ సలహా ఇచ్చిన ఫ్రెండ్ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. వాడికి గాలి పొర హెల్మెట్ పైనుంచి వెళ్లిపోతుంది. నాకు సరిగ్గా చెవుల దగ్గర తగులుతుంది. వాడు అబద్ధం చెప్పలేదు, వాడి ఎత్తుకి అది నిజమే. ఇంటర్నెట్‌లో మీరు చదివే ప్రతి విండ్‌స్క్రీన్ రివ్యూ అంతే, రాసినవాడి ఎత్తుకే నిజం.

ఇంకో కారణం కూడా ఉంది. పెద్ద స్క్రీన్ వెనక పీడనం తగ్గుతుంది. ఆ ఖాళీని నింపడానికి గాలి పక్కల నుంచి, వెనక నుంచి లోపలికి దూసుకొస్తుంది. అందుకే మంచి టూరింగ్ స్క్రీన్లకి కింద గాలి లోపలికి వచ్చే చిన్న దారి ఉంచుతారు. హార్లీ 2014 మోడల్స్‌లో బ్యాట్‌వింగ్ మధ్యలో తెరిచి మూసే వెంట్ పెట్టింది సరిగ్గా ఈ సమస్య తగ్గించడానికే. చూడ్డానికి గాలి లోపలికి వదిలితే ఉపయోగం ఏంటి అనిపిస్తుంది, కానీ ఆ కాస్త గాలే తల దగ్గర సుడులని తగ్గిస్తుంది.

చెవి లెక్క కూడా చూడండి

పండగ అయ్యాక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆడియోమెట్రీ టెస్ట్ చేశారు. అప్పటికి మోత తగ్గింది, రిపోర్ట్ నార్మల్‌గానే వచ్చింది. "ఈసారికి తిరిగొచ్చింది బాబూ, ప్రతిసారీ తిరిగి రాదు" అన్నారు ఆయన. ఆ మాట విన్నాకే నేను దీన్ని సీరియస్‌గా తీసుకున్నాను.

అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం మీద పనిచేసే ఎన్‌ఐఓఎస్‌హెచ్ సంస్థ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైమ్ సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలు, 94 దగ్గర గంట, 97 దగ్గర అరగంట, 100 దగ్గర 15 నిమిషాలు. హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి మోత 90 దాటడం మామూలే, సుడిగాలిలో 100 దగ్గరికి కూడా వెళ్తుంది. నా రైడ్ టీ బ్రేకులు తీసేసి 8 గంటలు. లెక్క మీరే వేసుకోండి.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలు ఉంటాయి. అవి చనిపోతే మళ్లీ పుట్టవు. స్క్రీన్ గార్డ్ మార్చినట్టు మార్చుకోలేం. అందుకే ఏ ఫెయిరింగ్ కొన్నా, కొనకపోయినా, ఒక జత ఫోమ్ ఇయర్ ప్లగ్స్ కొనండి. బాగా పెట్టుకుంటే 20 డెసిబెల్స్ పైనే తగ్గిస్తాయి. హారన్ వినిపించదేమో అని భయం వద్దు. గాలి హోరు తగ్గుతుంది కాబట్టి హారన్ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు పెంచుకోవడం మాత్రం దీనికి పూర్తిగా రివర్స్.

ఎండ, వాన, సర్వీస్ బిల్లు

ఇక్కడ యూరప్ రివ్యూలు మనకి పనికిరావు. వాళ్లకి చలి పెద్ద సమస్య, మనకి ఎండ.

మే నెలలో మధ్యాహ్నం సూర్యాపేట దగ్గర రోడ్డు మీద ఉన్నారనుకోండి. ఫుల్ ఫెయిరింగ్ ఛాతీకి గాలి తగలనివ్వదు, చెమట ఆరదు. పైగా సిటీ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజిన్ వేడి ప్యానెల్స్ మధ్య నుంచి తొడల మీదికి వస్తుంది. అలాగని నేకెడ్ మీద పూర్తి గాలి మంచిదని కాదు. గాలి ఒంటి వేడి కంటే ఎక్కువ వేడిగా ఉంటే అది చల్లబరచదు, ఉన్న నీళ్లన్నీ పీల్చేస్తుంది. ఎండాకాలానికి ఛాతీకి కొంచెం గాలి తగిలే సెమీ ఫెయిరింగ్, మెష్ జాకెట్, గంటకోసారి నీళ్లు, ఇదే బెస్ట్ కాంబో.

వానలో ఫెయిరింగ్ ఉపయోగం స్పీడ్ ఉన్నప్పుడే. 60 దాటితే ఛాతీ, మోకాళ్లు కాస్త పొడిగా ఉంటాయి. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అందరితో పాటు మీరూ తడుస్తారు.

ఖర్చు గురించి చెప్పాలంటే, ఫుల్ ఫెయిరింగ్ గ్లాస్ బ్యాక్ ఉన్న ఫోన్ లాంటిది. పడనంత వరకు ప్రీమియం. పార్కింగ్‌లో సైడ్ స్టాండ్ మీద నుంచి ఒరిగినా ప్యానెల్ పగులుతుంది, లోపలి క్లిప్స్ విరుగుతాయి. కొన్ని పనులకి సర్వీస్‌లో ముందు ప్యానెల్స్ విప్పాలి, టైమ్ ఎక్కువ పడుతుంది. కొనేముందే షోరూమ్ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో ఒక సైడ్ ప్యానెల్, ఒక విండ్‌స్క్రీన్ రేటు అడిగి రాసుకోండి. అక్కడ చెప్పలేకపోతే ఆ స్టాక్ దొరకడం కూడా కష్టమే అని అర్థం.

ఫోన్ ఎక్కడ పెడతారు?

మన సైట్ వాళ్లకి ఇది ముఖ్యం. హ్యాండిల్‌బార్‌కి ఫోన్ మౌంట్ పెడితే ఇంజిన్ వైబ్రేషన్ నేరుగా ఫోన్‌కి ఎక్కుతుంది. కెమెరాలో ఆప్టికల్ స్టెబిలైజేషన్ ఉన్న ఫోన్లకి ఇది మంచిది కాదు. బైక్ ఇంజిన్ వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరా పనితీరు తగ్గొచ్చని ఆపిల్ సంస్థే 2021లో తన సపోర్ట్ పేజీలో హెచ్చరించింది. వైబ్రేషన్ తగ్గించే డ్యాంపర్ వాడండి, లేదా నావిగేషన్‌కి పాత ఫోన్ ఒకటి కేటాయించండి. ఎత్తైన ఫెయిరింగ్ ఉంటే ఫోన్‌కి నేరుగా వాన తగలడం తగ్గుతుంది, కానీ గాలి కూడా తగలదు కాబట్టి ఎండలో ఫోన్ తొందరగా వేడెక్కి బ్రైట్‌నెస్ తగ్గించేస్తుంది.

టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి

చెవి తిరిగొచ్చాక నేను చేసిన పని ఇదే. ఒక ఆదివారం పొద్దున్నే ఫ్రెండ్స్ దగ్గర నాలుగు స్టైల్స్ బైక్‌లు పోగు చేసి, హయత్‌నగర్ దాటాక విజయవాడ హైవే మీద ఒక్కో దాన్ని 80 దగ్గర నడిపి చూశాను. ఓఆర్ఆర్ మీద బైక్‌లకి అనుమతి లేదు, కాబట్టి అక్కడ ప్లాన్ చేయకండి. మీరు చేసేటప్పుడు ఈ పాయింట్లు చూడండి.

ఒకటి, మీ సొంత హెల్మెట్, సొంత జాకెట్ వాడండి. షోరూమ్ ఇచ్చే హెల్మెట్‌తో చేస్తే టెస్ట్‌కి అర్థం లేదు.

రెండు, షోరూమ్ చుట్టూ రెండు రౌండ్లతో సరిపెట్టుకోకండి. 60 లోపు అన్ని ఫెయిరింగ్‌లూ ఒకేలా ఉంటాయి. కనీసం 10 నిమిషాలు హైవే స్పీడ్ కావాలని అడగండి.

మూడు, ఖాళీ రోడ్డు మీద నిలకడగా వెళ్తూ తలని రెండు అంగుళాలు పైకి లేపండి, తర్వాత రెండు అంగుళాలు కిందికి దించండి. ఎక్కడ మోత తగ్గిందో గమనించండి. పైకి లేపితే తగ్గితే ఆ స్క్రీన్ మీకు ఎక్కువ ఎత్తు, చిన్నది కావాలి. కిందికి దించితే తగ్గితే మీకు ఇంకా పొడవు కావాలి. ఎటూ తేడా లేకపోతే మీకు సెట్ అయినట్టే.

నాలుగు, స్క్రీన్ పైనుంచి చూడగలగాలి, స్క్రీన్‌లోంచి కాదు. రాత్రి వానలో, ఎదురు లారీ హైబీమ్ పడితే గీతలు పడిన ప్లాస్టిక్‌లోంచి ఏమీ కనిపించదు.

ఐదు, మీ వెనక కూర్చునే మనిషిని తీసుకెళ్లండి. పిలియన్ సీటు ఎత్తుగా ఉంటుంది, మీ తల దాటిన సుడిగాలి వాళ్ల మొహం మీద పడుతుంది. మీకు హాయిగా ఉంది కదా అని 400 కి.మీ. తీసుకెళ్తే తిరుగు ప్రయాణానికి వాళ్లు బస్ టికెట్ బుక్ చేసుకుంటారు.

ఆరు, లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు హ్యాండిల్ ఎంత లాగుతోందో చూడండి. బైక్ కదిలితే ఫర్వాలేదు, హ్యాండిల్ మెలితిరిగితే ఆలోచించండి.

మరి ఎవరికి ఏది?

రోజూ ఆఫీస్, ఏడాదికి రెండు మూడు లాంగ్ రైడ్స్, 80 దాటని స్పీడ్ అయితే నేకెడ్ చాలు. ఇయర్ ప్లగ్స్, మంచి జాకెట్ మీద ఖర్చు పెట్టండి.

నెలకోసారి ఊరికి 300 కి.మీ. పైన వెళ్తారా? ఫ్రేమ్‌కి బిగించిన సెమీ ఫెయిరింగ్, నిటారు హ్యాండిల్ ఉన్నది చూడండి. మన వాతావరణానికి ఇదే మధ్యే మార్గం.

రోడ్లు బాగాలేని దారులు, అరకు, మారేడుమిల్లి ఘాట్లు ఎక్కువైతే అడ్వెంచర్ స్టైల్. కానీ స్క్రీన్ ఎత్తు మార్చుకునే వీలుందో లేదో చూడండి. పొడవైన వాళ్లకి ఇది తప్పనిసరి.

స్పోర్ట్ ఫుల్ ఫెయిరింగ్ మీద మనసుంటే కొనుక్కోండి, ఎవరు కాదన్నారు. కానీ దాన్ని టూరింగ్ కోసం కొంటున్నా అని ఇంట్లో చెప్పకండి. హైదరాబాద్ నుంచి విజయవాడ చేరేలోపే మణికట్లు నిజం చెప్తాయి.

రోజుకి 500 కి.మీ., భార్యతోనో ఫ్రెండ్‌తోనో, లగేజీతో, బడ్జెట్ సమస్య కాదంటే టూరింగ్ ఫుల్ ఫెయిరింగ్. హైవేలే ఎక్కువైతే ఫ్రేమ్ మౌంటెడ్, సిటీ మలుపులు కూడా సగం ఉంటే ఫోర్క్ మౌంటెడ్ కూడా పరిశీలించండి.

నేనేం చేశానంటే, ముందుగా ఆ పొడవాటి స్క్రీన్ విప్పేశాను. కొన్నది చాలా తక్కువ రోజులే కదా, ఓఎల్ఎక్స్‌లో సగం రేటుకి పోయింది. ఎవరికి అమ్మానో ఆ అబ్బాయిని ముందే అడిగాను, "తమ్ముడూ, నీ ఎత్తెంత?" అని. 5 అడుగుల 5 అన్నాడు, ఇచ్చేశాను. మార్చిలో నా నేకెడ్ బైక్ కూడా అమ్మి, సెకండ్ హ్యాండ్‌లో ఒక సెమీ ఫెయిర్డ్ బైక్ తీసుకున్నాను. ఫెయిరింగ్ ఫ్రేమ్‌కి ఉంది, స్క్రీన్ చిన్నది. గాలి నా భుజాల దగ్గర తగులుతుంది, తల దగ్గర శుభ్రంగా ఉంటుంది. పూర్తి నిశ్శబ్దం కాదు, మెడ కొంచెం పని చేయాలి. కానీ సుడులు లేవు.

ఉగాదికి దాని మీదే ఇంటికి వెళ్లాను, చెవుల్లో ప్లగ్స్ పెట్టుకుని. సిద్ధాంతం వంతెన మీద గాలి అలాగే ఉంది. హ్యాండిల్ మాత్రం నా చేతిలోనే ఉంది. ఇంటి ముందు హెల్మెట్ తీసి, ప్లగ్స్ జేబులో వేసుకుంటుండగానే లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది, "వచ్చావా నాన్నా, కాళ్లు కడుక్కో" అని. ఈసారి ఒక్కసారికే.